ఇరవై ఆరు దగ్గర ఆగిన అంకె

ఆ వీధిలో ఆయన్ను అందరూ తాళాలాయన అంటారు. ఆ పేరు విని, తాళంచెవి పోగొట్టుకున్నవాళ్లూ గడియ ఇరుక్కుపోయినవాళ్లూ ఆయన కొట్టుకు వస్తుంటారు. ఒక ముసలావిడైతే ఇనప్పెట్టెను తోపుడుబండి మీద వేయించుకుని మరీ వచ్చింది. "నేను కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణమ్మా" అని ఆయన ఎంత చెప్పినా వినలేదు. "ఏ పెట్టయితేనేం నాయనా, తెరిచేవాడివేగా" అంది. కాదనలేక స్క్రూడ్రైవరు పట్టుకుని అరపూట కుస్తీ పట్టాడు. తీరా తెరుచుకున్నాక చూస్తే లోపల ఏమీ లేదు. "ఖాళీ అని నాకు తెలుసులే, ఏదైనా ఉందేమోనని ఆశ" అని ఆవిడ బండి తిప్పుకుని వెళ్లిపోయింది.

ఆయనకు ఆ పేరు వచ్చింది వేరే తాళాల వల్ల. కంప్యూటర్ పెట్టెలో ప్రాసెసర్ అని అరచేతిలో సగం కూడా లేని బిళ్ల ఒకటి ఉంటుంది. లెక్కలన్నీ చేసేది అదే. దాని లోపల కోర్లు ఉంటాయి. వంటింట్లో నలుగురు పనివాళ్లు ఉన్నారనుకుంటే సరిపోతుంది. కొన్ని పాతరకం బిళ్లల్లో కంపెనీవాళ్లే ఆ నలుగురిలో ఇద్దరిని గదిలో పెట్టి తాళం వేసి, ఇద్దరే ఉన్న బిళ్లగా అమ్మేవారు. లోపల ఉండిపోయిన ఇద్దరూ ఒక్కోసారి నిక్షేపంగా ఉంటారు, ఒక్కోసారి పనికిమాలినవాళ్లు అయి ఉంటారు. మెషీన్ ఆన్ అయ్యేటప్పుడు సెట్టింగుల్లోకి వెళ్లి ఒక చోట ఒక మాట మారిస్తే ఆ తాళం ఊడుతుంది. ఆయన ఆ తాళాలు తీసేవాడు. ఆపైన వేగం కూడా పెంచేవాడు. అంటే, నడిచి పనిచేసేవాళ్ల చేత పరుగెత్తి పనిచేయించడం అన్నమాట.

పరుగెత్తితే ఒళ్లు వేడెక్కుతుంది. బిళ్లా అంతే. అందుకని దాని నెత్తిన రేకుల దిమ్మ ఒకటి, దాని మీద చిన్న ఫ్యాను ఒకటి బిగిస్తారు. వేడి ఎంత ఉందో తెలుసుకోవడానికి తెర మూలన చిన్న కిటికీలా ఒక డబ్బా పెడతారు. అందులో అంకె కనపడుతూ ఉంటుంది.

ఆ అంకె చూపించడమంటే తాళాలాయనకు మహా సరదా. తాళం తీసిన పెట్టెను బల్ల మీద పెట్టి, కొన్నవాణ్ణి దగ్గరకు పిలిచి, "చూడండి, నలుగురితో పరుగులు పెట్టిస్తున్నా, ఇరవై ఆరు దాటలేదు. నేను కట్టిన పెట్టె వేడెక్కదు" అనేవాడు. "అదెలా సాధ్యమండీ?" అని అడిగితే రెండు చేతులూ ఎత్తి చూపించేవాడు. "హస్తవాసి అంటారు చూడండి, ఇదే."

తాళం తీయని పెట్టెల్లో అంకె యాభై దగ్గర ఉండేది. తీసినవాటిలోనే అంత కిందికి దిగేది. ఆ సంగతి ఆయన గమనించకపోలేదు. కానీ మంచి జరిగితే ఎందుకు జరిగిందని ఎవరడుగుతారు? పైగా ఆ డబ్బాలో రెండు వరుసలుండేవి. పై వరుస బిళ్ల లోపలి వేడి. కింది వరుస బిళ్ల కూర్చున్న చోట, బోర్డు మీది వేడి. పైన ఇరవై ఆరున్నప్పుడు కింద డెబ్బయ్యో ఎనభయ్యో ఉండేది. దాన్ని చూసి కొనేవాళ్లు లేనిపోని ప్రశ్నలు వేసేవారు. అందుకని, పైదే అసలుదనీ కిందిది ఏదో పాడైందనీ ఆయన తనకు తానే తీర్పు చెప్పుకుని, కింది వరుస కనపడకుండా మూసేయడం అలవాటు చేసుకున్నాడు.

ఆయనకు ఒక వదిన ఉంది. అన్నగారి భార్య. ఈయన పాలుతాగే వయసులోనే తల్లి పోతే, కొత్త కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన ఆవిడే ఈయన్ను చంకనెత్తుకుంది. తల్లి ముఖం ఆయనకు గుర్తు లేదు. జ్వరమొస్తే నుదుటి మీద పడే చెయ్యి ఎవరిదంటే వదినదే. ఈయన గడ్డం నెరుస్తున్నా ఆవిడకు చిన్నోడే. కిందటేడు అన్నగారు పోయారు. ఆసుపత్రిలో చాలా రోజులుండి పోయారు. అప్పటి నుంచీ ఆవిడ మాట తగ్గింది, నడక తగ్గింది. ఎవరూ ఆవిడకు పని చెప్పడం లేదు. పాపం ఎందుకులే అని అందరూ అన్నీ తామే చేసేస్తుంటే, ఆవిడ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుని ఉండేది.

ఆవిడ కూతురు తండ్రిలాగే భవనాల ప్లాన్లు గీసే పని నేర్చుకుంది. తండ్రి కాగితం మీద గీసేవాడు, ఈ అమ్మాయి కంప్యూటర్లో గీస్తుంది. ఇంకా పునాది కూడా తీయని భవనంలో, తలుపు తోసుకుని లోపలికి వెళ్లి మెట్లెక్కి కిటికీలోంచి బయటికి చూసినట్టు ఉండే కదిలే బొమ్మ తయారుచేస్తుంది. ఊళ్లో పేరున్న ఆర్కిటెక్టు ఒకావిడ ఆ పని చూసి, ఒక గ్రంథాలయం ప్లాను చేతికిచ్చింది. "దీనికి బొమ్మ చేసి వచ్చే శుక్రవారం సాయంత్రానికి తీసుకురా. భవనం కట్టించేవాళ్లకు ఆ సాయంత్రమే చూపించాలి. వాళ్లకు నచ్చితే నా ఆఫీసులో నీకు కుర్చీ ఉన్నట్టే" అంది.

అమ్మాయి రేయింబవళ్లు కూర్చుని అంతా గీసింది. ఆఖరున, గీసినదాన్ని కంప్యూటర్ తనంతట తాను బొమ్మలుగా మార్చుకోవాలి. ఆ పనికి ఇంట్లో ఉన్న పాత మెషీన్ గడువులోపల వచ్చేలా లేదు. తిన్నగా బాబాయి కొట్టుకు పరుగెత్తుకొచ్చింది.

"బాబాయ్, రేపు సాయంత్రానికి కావాలి. అది చూస్తే ఎల్లుండికి అంటోంది."

"అంతేనా! మీ ఇంట్లో ఉన్నది ఏ బిళ్లో తెలుసా? తాళం ఉన్నది. పొద్దున్నే వచ్చి తీసేస్తా, గుర్రంలా పరుగెత్తుతుంది."

"కాలిపోదుగా?"

"నీ బాబాయి కట్టిన పెట్టెలు ఎన్ని కాలిపోయాయో వీధిలో అడిగి రా."

మర్నాడు పొద్దున్నే వెళ్లి తాళం తీశాడు. వేగం పెంచాడు. తెర మూలన అంకెల డబ్బా పెట్టి, కింది వరుస మూసేశాడు. ఇరవై ఆరు. కాసేపు చూసి, బాగుందన్నాడు. అమ్మాయికి ఆ రోజు ఆర్కిటెక్టుతో కలిసి స్థలం కొలతలకు వెళ్లాల్సిన పని పడింది. ఇంట్లో ఉండేది తల్లి ఒక్కతే.

"అంకె చూడటానికి ఎవరో ఒకరుండాలి కదా బాబాయ్?"

"వదిన లేదూ! వదినా, ఇటు రా. ఈ మూల అంకె కనపడుతోందా?"

"ఇరవై ఆరు" అంది వదిన దగ్గరికి వచ్చి, కళ్లు చికిలించి.

"అదే. అది అరవై దాటితే నాకు ఫోన్ చెయ్యి. డెబ్బై దాటితే నాకూ చెప్పకు, ఎవరికీ చెప్పకు, ఈ బటన్ నొక్కేసెయ్. అంతే నీ పని."

"అంతేనా? చేస్తాలే" అంది. ఎన్నాళ్లకో ఆవిడకొక పని దొరికింది. కిటికీ పక్కనున్న కుర్చీని తనే ఈడ్చుకొచ్చి తెర ముందు వేసుకుంది. గుడ్డ తెచ్చి తెర తుడిచింది. కళ్లజోడు ఆవిరి పట్టి తుడిచి పెట్టుకుంది. "అమ్మా, మధ్యమధ్యలో లేవచ్చు, అంత బిగుసుకుని కూర్చోనక్కర్లేదు" అని కూతురు నవ్వుతూ బయటికి వెళ్లింది. ఆ ఇంట్లో నవ్వు వినపడి చాలా రోజులైంది.

ఎండలు మండిపోతున్న కాలం. ఫ్యాను గాలే పొయ్యి ముందు కూర్చున్నట్టు కొడుతోంది. కొట్టులో నలుగురైదుగురు ఉండగా తాళాలాయనకు వదిన దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

"చిన్నోడా, పెట్టె మీద చెయ్యి పెడితే చురుక్కుమంటోందిరా. వెనకాల నుంచి వేడిగాలి కొడుతోంది."

"చెయ్యి సంగతి ఎందుకొదినా, అంకె ఎంతుంది?"

"అంకె అక్కడే ఉంది. ఇరవై ఆరు."

"మరింకేం? ఈ ఎండకి గోడ మీద చెయ్యి పెట్టినా చురుక్కుమంటుంది."

"ఏమో, అనుమానమొచ్చి చెప్పా. ఆపెయ్యనా?"

"ఆపితే అమ్మాయి నిన్నూ నన్నూ కలిపి ఉతుకుతుంది. నువ్వు అంకె చూడు, పెట్టెని కాదు."

ఫోన్ పెట్టేసి, ఎదురుగా ఉన్నవాళ్లతో, "మా వదిన. కంప్యూటర్‌కి జ్వరమొచ్చిందేమోనని ఒళ్లు పట్టుకుని చూస్తోంది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

పొద్దు వాలుతుండగా మళ్లీ ఫోన్ వచ్చింది. ఈసారి ఆవిడ నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "చిన్నోడా, నేను నిద్రపోయాను."

ఆయన వెళ్లేసరికి గదంతా కాలిన వాసన. తెర నల్లగా ఉంది. మూత విప్పి చూస్తే బిళ్ల పక్కన బోర్డు మాడి, నల్లటి మచ్చ పడి ఉంది. చెయ్యి దగ్గర పెడితే ఇంకా సెగ తగులుతోంది. అప్పటిదాకా తయారైన బొమ్మలు డిస్కులో భద్రంగానే ఉన్నాయి. మిగతావి చేయడానికి మెషీనూ లేదు, పొద్దూ లేదు. ఆయన చూస్తూ ఉండగానే అమ్మాయి లోపలికి వచ్చింది. వాసనకే దానికి అర్థమైపోయింది. చేతిలో సంచి కింద పడేసింది.

"ఏమైంది బాబాయ్?"

ఆయన నోరు తెరిచేలోపే వదిన అందుకుంది. "నాదే తప్పమ్మా. భోంచేసి కూర్చున్నానా, కునుకు పట్టింది. ఆ కాస్తలో అంకె పెరిగిపోయినట్టుంది. చూసుకోలేదు."

"బాబాయ్, అంతేనా?"

మధ్యాహ్నం వచ్చిన ఫోను ఆయన చెవిలో గింగురుమంది. చురుక్కుమంటోందిరా అన్న మాట. ఆపెయ్యనా అన్న మాట. ఆవిడకు ఆ ఫోను గుర్తున్నట్టే లేదు. చెప్పాలనుకుంటే ఒక్క మాట. ఆయన ఆ మాట చెప్పలేదు. మాడిన బోర్డు వైపు చూస్తూ, "ఇలాంటివి అప్పుడప్పుడూ జరుగుతుంటాయి తల్లీ" అన్నాడు. అక్కడితో ఆపినా బాగుండేది. ఆపలేదు. "డెబ్బై దాటగానే బటన్ నొక్కి ఉంటే ఇంత దాకా వచ్చేది కాదు" అని కూడా అన్నాడు.

వదిన తల వంచుకుంది. అమ్మాయి తల్లి వంక ఒక చూపు చూసి, గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

మాడిన పెట్టె కొట్టుకు తీసుకుపోయాడు. అసలేమైందో తేల్చుకోవాలని, అదే రకం బిళ్ల ఇంకొకటి బల్ల మీద బిగించాడు. ముందు తాళం తీయకుండా నడిపించాడు. నలభై ఎనిమిది. ఫ్యాను ఆపేశాడు. యాభై, యాభై ఐదు, అరవై అంటూ అంకె పైకి పాకింది. సరే, అలాగే ఉండాలి. చల్లారనిచ్చి, తాళం తీసి నడిపించాడు. ఇరవై ఆరు. ఫ్యాను ఆపేశాడు. ఇరవై ఆరు. కాసేపు కూర్చున్నాడు. ఇరవై ఆరు. అనుమానంగా రేకుల దిమ్మ మీద వేలు పెట్టాడు. చురుక్కుమని వేలు వెనక్కి లాక్కున్నాడు, బొబ్బ లేచింది. వేలు నోట్లో పెట్టుకుని తెర చూస్తే, ఇరవై ఆరు.

కొట్టు గోడకు ఎప్పటిదో ఒక థర్మామీటరు వేలాడుతుంది. ఆ రోజు గదిలో గాలే ముప్పై ఎనిమిది ఉంది. గాలితో చల్లారే వస్తువు ఆ గాలికంటే చల్లగా ఎలా ఉంటుంది? ఇంట్లో అన్నం వార్చే ఎవరినడిగినా చెబుతారు. ఆయనకిన్నాళ్లూ ఆ ప్రశ్నే తట్టలేదు. తాళం తీయగానే ఆ బిళ్ల తన లోపలి వేడి చెప్పడం మానేస్తుంది. ఏదో ఒక అంకె దగ్గర ఆగిపోయి, అదే చూపిస్తూ కూర్చుంటుంది. ఎప్పుడూ మూసేసే కింది వరుస తెరిచాడు. తొంభై నాలుగు. చూస్తుండగానే తొంభై ఐదైంది. గబుక్కున స్విచ్చి ఆపేశాడు.

ఆయనకు తల కొట్టేసినట్టయింది. హస్తవాసి అంటూ చేతులెత్తి చూపించిన ముఖాలన్నీ కళ్లముందు కదిలాయి. వీధిలోకి చూడబుద్ధి కాక, పట్టపగలే కొట్టు తలుపు సగం దించాడు. ఎవరో "తాళాలాయనా, ఉన్నావా?" అని పిలిచారు. బల్ల చాటున చప్పుడు చేయకుండా కూర్చున్నాడు.

వదిన నిద్రపోకుండా రెప్ప వాల్చకుండా కూర్చున్నా ఆవిడకు కనపడేది ఇరవై ఆరే. లేని ప్రమాదాన్ని కాదు, ఉన్న ప్రమాదాన్నే ఆవిడ చేత్తో పట్టుకుని చెప్పింది. తనే వద్దన్నాడు. నలుగురి ముందూ నవ్వాడు కూడా.

చెప్పేస్తే పోయేది. ఆ సాయంత్రమే వెళ్లి చెబుదామనుకున్నాడు. వెళ్లాడు. కొత్త బోర్డు ఎప్పుడొస్తుందో చెప్పి వచ్చాడు. మళ్లీ వెళ్లాడు. వైర్లు సర్ది వచ్చాడు. కొత్త బోర్డు రానే వచ్చింది, ఈసారి అది బిగిస్తూ కూర్చున్నాడు. ఆర్కిటెక్టు ఆ కుర్చీ ఇంకెవరికో ఇచ్చేసిందన్న కబురు అప్పటికే వచ్చింది. అమ్మాయి తల్లితో మాట్లాడటం లేదు. మాట్లాడితే ఇంకా ఘోరంగా ఉంది.

"పాలు పొయ్యి మీద పెట్టా, చూస్తుంటానమ్మా" అంది వదిన వంటింట్లోంచి.

"వద్దులే. నువ్వు చూస్తానన్నవి ఏమవుతాయో తెలుసుగా. నేనే చూసుకుంటా" అంది అమ్మాయి.

"అదేం మాటే, పెద్దంతరం చిన్నంతరం లేకుండా!" అన్నాడు ఆయన, అన్నాక తన గొంతు తనకే రోతగా వినపడింది.

"మరేమనాలి బాబాయ్? ఒక్క అంకె. ఒక్కటంటే ఒక్క అంకె చూడమన్నా. పాడు నిద్ర ఆ ఒక్క పూట ఆగదా?"

వదిన పొయ్యి దగ్గర్నుంచి పక్కకు జరిగి కూతురికి చోటిచ్చింది. అమ్మాయి పాలు దించి పెట్టేసి బయటికి వెళ్లిపోయాక, ఆవిడ వచ్చి ఆయన పక్కన నేల మీద కూర్చుంది. ఆయన స్క్రూ తిప్పుతూనే ఉన్నాడు, బిగిసిపోయినదాన్నే తిప్పుతున్నాడు.

"దాన్నేమనకురా. అది అన్నదాంట్లో తప్పేముంది" అంది. "నా కన్నే అంత. మీ అన్న విషయంలోనూ ఇంతే చేశాను."

"అన్న విషయంలో ఏంటొదినా?"

"ఎవరికీ చెప్పలేదు. ఆసుపత్రిలో మంచం పక్కన పెట్టె ఉండేది చూడు, అందులో ఆక్సిజన్ అంకె కనపడేది. తొంభై కంటే తగ్గితే పిలవమ్మా అని నర్సు చెప్పి వెళ్లింది. తొంభై ఆరుంది. చూస్తూనే ఉన్నాను. రాత్రుళ్లు కూర్చున్నదాన్ని కదా, పగలు కన్ను మూతపడింది. లేచేసరికి మంచం చుట్టూ అందరూ ఉన్నారు. నన్ను కొంచెం పక్కకి జరగమన్నారు." కొంగుతో కళ్లజోడు తుడుచుకుంది. "చూడమని నాకు రెండే రెండుసార్లు చెప్పార్రా. రెండుసార్లూ నిద్రపోయాను."

ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. చెప్పరా, ఇప్పుడు చెప్పు అని లోపల ఎవరో తోస్తున్నారు. "అలా అనుకోకు వదినా" అన్నాడు. దారిన పోయేవాడు కూడా అనే మాట అది.

ఇంటికి వెళ్తే భోజనం సయించలేదు. కంచం ముందు మెతుకులు లెక్కపెడుతుంటే భార్య చూసి, "తేలు కుట్టిన దొంగలా ఆ కూర్చోవడమేంటండీ? ఎక్కడ ఏం చేసొచ్చారు?" అని వేళాకోళమాడింది. ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే మనిషి లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆవిడ వేళాకోళం మానేసి కంచం తీసింది.

మర్నాడు ఉతికిన చొక్కా వేసుకుని ఆర్కిటెక్టు ఆఫీసుకు వెళ్లాడు. అమ్మాయి కుర్చీ అమ్మాయికి ఇప్పిస్తే, ఇంట్లో చెప్పకుండానే సగం సర్దుకుంటుందని ఆయన ఆశ. ఆ ఆశకు లోపల్లోపల తనే సిగ్గుపడుతూ బయట బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాడు. ఆవిడ పిలిచాక, నిలబడే మొత్తం చెప్పాడు. తాళం సంగతి, ఆగిన అంకె సంగతి, మూసేసిన కింది వరుస సంగతి, ఫోను సంగతి. తెలియని మనిషి ముందు మాటలు నీళ్లలా వచ్చేశాయి. ఒక్క చోట కూడా తడబడలేదు.

"ఇప్పుడేం లాభమండీ? ఆ సాయంత్రం కట్టించేవాళ్లకు వేరేవాళ్ల బొమ్మ చూపించాం, పని వాళ్లకే వెళ్లింది" అంది ఆర్కిటెక్టు. కోపం లేదు, తీరిక కూడా లేదు. "ఆ అమ్మాయి పని బాగుంటుంది. ఇంకోసారి ఏదైనా వస్తే చూద్దాం. వస్తుందని మాటివ్వలేను." ఆయన వెళ్లబోతుంటే తలెత్తి, "ఇదంతా మీ వదినగారికి చెప్పారా?" అంది.

ఆయన గుమ్మం పట్టుకుని నీళ్లు నమిలాడు.

"నాకు చెప్పినంత బాగా చెప్పండి" అని ఆవిడ మళ్లీ కాగితాల్లో తల దూర్చింది.

అక్కడి నుంచి ఆయన కొట్టుకు వెళ్లలేదు. దారిలో ఎన్నో రకాలుగా కూర్చుకున్నాడు. మెల్లగా మొదలుపెట్టి, ఆ కంపెనీవాళ్లు అలా చేశారనీ, తనలాంటివాళ్లు చాలామంది మోసపోయారనీ చెప్పుకొచ్చి, చివర్లో ఫోను సంగతి అంటీ ముట్టనట్టు చెప్పాలనుకున్నాడు. ఇంటి మెట్లెక్కేసరికి అవన్నీ ఎగిరిపోయాయి. తల్లీకూతుళ్లిద్దరూ ముందుగదిలోనే ఉన్నారు. తల్లి కిటికీ దగ్గర, కూతురు తెర ముందు, ఒకరికొకరు వీపు పెట్టి.

"పెట్టె కాలింది వదిన నిద్రపోవడం వల్ల కాదు" అన్నాడు చెప్పులు విప్పకుండానే. "నా వల్ల కాలింది."

అమ్మాయి కుర్చీ తిప్పింది. "ఏంటి బాబాయ్?"

"ఆ అంకె పనిచెయ్యదు తల్లీ. తాళం తీస్తే అది చచ్చిపోతుంది. పెట్టె మండిపోతున్నా ఇరవై ఆరే చూపిస్తుంది. అసలు వేడి చూపించేది ఇంకో వరుస ఉంది, దాన్ని నేనే మూసేశాను. బాగా కనపడదని మూసేశాను. మీ అమ్మ కళ్లలో వత్తులేసుకుని కూర్చున్నా ఏమీ కనపడేది కాదు." ఊపిరి పీల్చుకున్నాడు. "మధ్యాహ్నం నాకు ఫోన్ చేసింది. పెట్టె కాలిపోతోంది, ఆపెయ్యనా అంది. నేను ఆపొద్దన్నా."

"అమ్మ ఫోన్ చేసిందా?"

"చేసింది."

"ఆపెయ్యనా అని అడిగిందా?"

"అడిగింది."

"ఫోన్ సంగతి తెలిసీ ఆ రోజు, బటన్ నొక్కి ఉంటే అన్నావు. ఇక్కడే నిలబడి అన్నావు. ఇన్నాళ్లుగా నేను అమ్మని నోటికొచ్చినట్టు అంటుంటే పక్కన కూర్చుని స్క్రూలు తిప్పావు." అమ్మాయి ఆయన ముఖంలోకి చూసింది. "నువ్వు మనిషివేనా బాబాయ్?"

జవాబు కోసం చూడకుండా అమ్మాయి తల్లి వైపు తిరిగింది. "నువ్వైనా చెప్పలేదేంటమ్మా? ఫోన్ చేశానని ఒక్క మాట అంటే పోయేదిగా!"

"అంకె సరిగ్గానే ఉందన్నాడుగా" అంది ఆవిడ నెమ్మదిగా. "వాడికి తెలుసనుకున్నా. ఇక చెప్పడానికేముంది?"

బయట వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్లారు. వదిన ఒళ్లో చేతులు ఒకదాని మీదొకటి పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకుంది. ఆయన తిట్ల కోసం చూస్తున్నాడు. తిడితే బాగుండు, చిన్నప్పుడు వేసినట్టు వీపు మీద రెండు వేస్తే ఇంకా బాగుండు అనిపిస్తోంది. ఆవిడ తలెత్తి అడిగింది వేరే.

"చిన్నోడా, మరి ఆసుపత్రిలోది?"

"ఏదొదినా?"

"మీ అన్న పక్కనున్న పెట్టె. అందులో అంకె కూడా ఇలాగే ఆగిపోయి ఉంటుందా? నేను మేలుకుని చూసినా, తొంభై ఆరే చూపించేదా?"

ఆ కళ్లు ఆయన ముఖం మీదే ఉన్నాయి. అవునంటే చాలు. అవును వదినా, అన్ని పెట్టెలూ అంతే, నీ తప్పేమీ లేదు అంటే ఆవిడ ఈ రాత్రికి కంటినిండా నిద్రపోతుంది. ఆ మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అడిగినదానికల్లా జవాబు ఉండే మనిషి, తెలియని సంగతి కూడా తెలిసినట్టే చెప్పి నెగ్గుకొచ్చిన మనిషి.

"తెలీదు వదినా" అన్నాడు. "అది నాకు తెలీదు."

ఆవిడ ఇంకాసేపు ఆయన్నే చూసి, సరేనన్నట్టు తలాడించింది. అమ్మాయి కుర్చీలోంచి లేచి వచ్చి, తల్లి కాళ్ల దగ్గర నేల మీద కూలబడి, ఆవిడ మోకాళ్లలో ముఖం దాచుకుంది. ఆవిడ చెయ్యి దాని తల మీద పడింది. తాళాలాయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. ఆయనా కూర్చోలేదు.